శ్రీకాకుళంలో కూర్చుని తొలిదశ వెంచర్ ఫండ్ నడపడం ఎలా: లెక్క దగ్గర్నుంచి రెండో ఫండ్ దాకా

మా జిల్లాల్లో డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలు నడిపేవాళ్ల దగ్గర ఉంది. రాజాంలో జూట్ వ్యాపారం చేసిన కుటుంబాల దగ్గర, గరివిడి చుట్టూ ఫెర్రో అల్లాయ్స్ మీద ఎదిగిన కాంట్రాక్టర్ల దగ్గర, పైడిభీమవరం ఫార్మా కంపెనీలకు సరుకు వేసేవాళ్ల దగ్గర, విజయనగరం డాక్టర్ల దగ్గర ఉంది. ఆ డబ్బు భూమిలోకి, బంగారంలోకి, వడ్డీలోకి పోతుంది. ఇక్కడే ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కంపెనీ పెట్టాలంటే మాత్రం విశాఖ దాటి హైదరాబాదో బెంగళూరో పోవాలి. 1978లో మొదలై, రాజాం జూట్ వ్యాపారం వేళ్లున్న జీఎంఆర్ భోగాపురం విమానాశ్రయం కట్టేదాకా ఎదిగింది. అలాంటి ఆరంభానికి ఊళ్లోనే చెక్కు రాసే మనిషి ఉండాలని నా పట్టుదల.

మొదట జీడిపప్పు వ్యాపారుల లెక్కలు చూసేవాడిని. ఆ తర్వాత ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న ఆఫీసులో 30 కోట్ల ఫండ్ నడిపే బృందంలో చేరాను. వెంచర్ ఫండ్ అంటే పదిమంది డబ్బు పోగుచేసి, ఎదుగుతాయనుకున్న కొత్త కంపెనీల్లో వాటాకు వేసేది. అది ఎలా నడుస్తుందో లోపలి నుంచి తెలిసింది అక్కడే. ఫండ్ పెట్టాలనుకునేవాళ్లు, అందులో డబ్బు వేయాలనుకునేవాళ్లు, ఫండ్ దగ్గరికి డబ్బు కోసం వెళ్లే ఫౌండర్లు, ముగ్గురికీ ఒకే వరుసలో చెప్తాను. ఎందుకంటే ఫండ్ అడిగే ప్రతి ప్రశ్న, పెట్టే ప్రతి షరతు, చెప్పే ప్రతి ‘కాదు’ దాని లెక్కలోంచీ దాని గడువులోంచీ పుడతాయి. ఆ రెండూ తెలిస్తే మిగతా అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మెట్టు 1: ముందు లెక్క వేయండి

ఫండ్‌లో డబ్బు మీది కాదు. డబ్బు ఇచ్చేవాళ్లను ఎల్‌పీలంటారు, నడిపేవాళ్లను జీపీలంటారు. మామూలు ఒప్పందం ఇది: ఏటా ఫండ్ మొత్తంలో 2 శాతం నడిపే ఖర్చుకు ఫీజు. చివర్లో లాభం వస్తే, ముందు ఎల్‌పీల అసలు, దాని మీద ఏటా 8 శాతం లెక్కన రావాల్సింది ఇచ్చేశాక, మొత్తం లాభంలో 20 శాతం జీపీలది. ఈ 20 శాతాన్ని క్యారీ అంటారు.

భావనపాడు, కళింగపట్నం వైపు వేట తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వల తెచ్చిన చేపల్లో పడవకో వాటా, వలకో వాటా, కలాసీలకు తలా ఒక వాటా. వేట లేకపోతే వాటా లేదు. పడవ, వల ఎల్‌పీలవి. సముద్రంలోకి వెళ్లే పని మనది.

ఇప్పుడు 30 కోట్ల ఫండ్ తీసుకోండి. ఏటా 2 శాతం చొప్పున పదేళ్లకు 6 కోట్లు ఫీజు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో కోటీ 8 లక్షలు. ఆడిట్, లాయర్లు, వాల్యుయేషన్ ఖర్చులు కలిపితే కంపెనీల్లో వేయడానికి మిగిలేది సుమారు ఇరవై రెండున్నర కోట్లు. (పెట్టుబడుల కాలం అయ్యాక ఫీజు తగ్గించే ఫండ్లు చాలా ఉన్నాయి. మీరూ తగ్గించండి, ఎల్‌పీలు గుర్తుపెట్టుకుంటారు.) అందులో 20 కంపెనీలకు తలా 50 లక్షలు, మొత్తం 10 కోట్లు మొదటి చెక్కులు. మిగిలిన పన్నెండున్నర కోట్లు, వాటిలో బాగా నడిచేవి మళ్లీ డబ్బు సేకరించే తర్వాతి రౌండ్లలో వేయడానికి దాచాలి.

ఒక్క చెక్కు వెంట నడిచి చూద్దాం. 50 లక్షలు వేసి 10 శాతం తీసుకున్నారు. అంటే డబ్బు పడ్డాక కంపెనీ విలువ 5 కోట్లు. తర్వాత మూడు రౌండ్లు జరిగాయి, ఒక్కో రౌండ్‌లో కొత్తవాళ్లు 20 శాతం తీసుకున్నారు. మీ 10 శాతం ముందు 8 అవుతుంది, తర్వాత 6.4, చివరికి 5.12. కంపెనీ 100 కోట్లకు అమ్ముడైతే మీకొచ్చేది 5 కోట్ల 12 లక్షలు. పెట్టిన దానికి పది రెట్లు దాటింది. వినడానికి ఎంత బాగుంది! కానీ మీ ఫండ్ 30 కోట్లు. ఈ గొప్ప విజయం దానిలో ఆరో వంతుకు పిసరు ఎక్కువ. ఒక్క కంపెనీ మొత్తం ఫండ్‌ను వెనక్కి తేవాలంటే అది 586 కోట్లకు అమ్ముడవ్వాలి.

ఇరవైలో సగం మూతపడతాయని అనుకునే మేం దిగుతాం. ఇంకో అయిదారు వేసిన డబ్బు తెస్తాయి. రెండు మూడు బాగా ఇస్తాయి. ఒక్కటి మిగతా అన్నింటి నష్టాన్నీ మోయాలి. ఆ ఒక్కటి ఏదో ముందుగా తెలియదు కాబట్టి, ప్రతిదీ అంత ఎదగగలదా అని అడిగే చెక్కు రాయాలి.

అందుకే ఫౌండర్లూ, మీ వ్యాపారం ఏడేళ్లలో 40 కోట్ల విలువకు చేరి, ఏటా చక్కటి లాభం ఇచ్చేదైతే వెంచర్ ఫండ్ వద్దంటుంది. అది మీ వ్యాపారానికి వచ్చిన లోటు కాదు. అలాంటి వ్యాపారానికి వేరే డబ్బు ఉంది. తాకట్టు లేని అప్పుకు సీజీటీఎంఎస్‌ఈ అనే ప్రభుత్వ ట్రస్టు హామీ 10 కోట్ల దాకా వర్తిస్తుంది. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది. తయారీ యూనిట్లకు 50 లక్షల ప్రాజెక్టు దాకా పీఎంఈజీపీ అనే సబ్సిడీ అప్పు పథకం ఉంది. వాటా అమ్ముకోకుండా నడిచే బండికి వాటా అమ్మకండి. మా ఆఫీసుకు వచ్చినవాళ్లలో ఎంతోమందిని నేనే జిల్లా పరిశ్రమల కేంద్రానికి పంపాను.

ఎల్‌పీ వైపు నుంచి కూడా చూడండి. కంపెనీల నుంచి మొత్తం 90 కోట్లు వెనక్కి వచ్చాయనుకోండి. లాభం 60 కోట్లు, క్యారీ 12 కోట్లు, ఎల్‌పీలకు 78 కోట్లు. రూపాయికి రెండు రూపాయల అరవై పైసలు. డబ్బు సగటున ఆరేళ్లు ఉందనుకుంటే ఏడాదికి సుమారు 17 శాతం. అదే ఒకటిన్నర రెట్లే వస్తే ఏడాదికి 7 శాతం, అంటే బ్యాంకు డిపాజిట్ స్థాయి, పైగా పదేళ్లు కదలకుండా. ఈ రెండు అంకెలూ ఎల్‌పీకి మొదటి రోజే చెప్పండి.

మెట్టు 2: ఫండ్‌కు రూపం ఇవ్వండి

నలుగురు స్నేహితులు డబ్బు పోగేసి కంపెనీల్లో వేస్తే అది ఫండ్ కాదు, చిక్కు. మన దేశంలో సెబీ 2012లో తెచ్చిన ఏఐఎఫ్ (ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల) నిబంధనల కింద నమోదు కావాలి. వెంచర్ క్యాపిటల్ ఫండ్లు అందులో మొదటి కేటగిరీలోకి వస్తాయి. ఎక్కువమంది ట్రస్టుగా పెడతారు: ట్రస్టీ ఒకరు, స్పాన్సర్ ఒకరు, నడిపే మేనేజర్ కంపెనీ ఒకటి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు ఇవి. స్కీముకు కనీసం 20 కోట్లు ఉండాలి. ఒక్కో ఇన్వెస్టర్ కనీసం కోటి రూపాయలు వేయాలి. మేనేజర్ కంపెనీ ఉద్యోగులు, డైరెక్టర్లకు మాత్రం 25 లక్షలు చాలు. ఒక స్కీములో వెయ్యిమందికి మించకూడదు. మేనేజరో స్పాన్సరో తన సొంత డబ్బు 2.5 శాతం లేదా 5 కోట్లు, ఏది తక్కువైతే అది, చివరిదాకా ఫండ్‌లో ఉంచాలి. పెట్టుబడికి ఉన్న డబ్బులో 25 శాతానికి మించి ఒకే కంపెనీలో వేయకూడదు. దరఖాస్తు ఫీజు లక్ష, నమోదు ఫీజు 5 లక్షలు. ఎల్‌పీలకు ఇచ్చే సమాచార పత్రం మర్చంట్ బ్యాంకర్ ద్వారా సెబీకి వెళ్తుంది. సెబీ దాన్ని నమోదు చేసుకున్న 12 నెలల్లోపు కనీస మొత్తం సేకరించి మొదటి క్లోజ్ చేయాలి. ఆ రోజు నుంచే ఫండ్ గడియారం తిరగడం మొదలవుతుంది.

30 కోట్ల ఫండ్‌కు 2.5 శాతం అంటే 75 లక్షలు. నడిపేవాళ్లు ఇళ్ల నుంచి తేవాల్సిన డబ్బు అది. మా బృందంలో ఒకరు ఆముదాలవలస వైపు పొలం అమ్మారు. ఇది చేయలేకపోతే ఇంకో రెండేళ్లు ఆగండి, తొందర లేదు.

కోటి వేయలేనివాళ్లు అడిగే రెండో దారి ఏంజెల్ ఫండ్. 2025 మార్పుల తర్వాత అందులోకి అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లే రావాలి. వ్యక్తికి ఏడాది ఆదాయం 2 కోట్లు, లేదా నికర ఆస్తి ఏడున్నర కోట్లు, అందులో సగం ఆర్థిక ఆస్తులు ఉండాలి. ఆ ‘సగం’ మాట దగ్గరే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. ఎకరాలున్నాయి, కొబ్బరి తోటలున్నాయి, ఫ్యాక్టరీ షెడ్లున్నాయి. షేర్లు, డిపాజిట్లు, ఫండ్లు తక్కువ. కాబట్టి ఎవరినైనా అడగబోయే ముందు వాళ్ల ఆస్తి ఏ రూపంలో ఉందో కనుక్కోండి.

మెట్టు 3: ఎల్‌పీలను కూర్చోబెట్టి మాట్లాడండి

పలాసలో జీడిపప్పు వ్యాపారం ముప్పై ఏళ్లుగా చేస్తున్న పెద్దాయన ఒకరు. నేను బాబాయ్ అని పిలుస్తాను. సమాచార పత్రం ఇచ్చి రెండు గంటలు చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే.

“ఏటి బాబూ, నా డబ్బు పదేళ్లు కట్టేస్తావా? మజ్జలో కూతురు పెళ్లొస్తే?”

“పెళ్లికి దీన్ని నమ్ముకోవద్దు బాబాయ్. ఇది పెళ్లి డబ్బు కాదు.”

“మరి వడ్డీ?”

“వడ్డీ లేదు. అసలు కూడా పోవచ్చు.”

కాసేపు బల్ల మీద జీడిపిక్కలు వేళ్లతో దొర్లించాడు. “నీకు అబద్ధం చెప్పడం రాదు. రెండు కోట్లు రాసుకో,” అన్నాడు.

ఫండ్‌లో మాట ఇచ్చిన డబ్బు ఒక్కసారి తీసుకోరు. పెట్టుబడి అవసరమైనప్పుడల్లా నోటీసు ఇచ్చి విడతలుగా పిలుస్తారు. దీన్ని డ్రాడౌన్ అంటారు. మేం చేసిన తప్పు ఇక్కడే జరిగింది. మొదటి డ్రాడౌన్ నోటీసు ఏప్రిల్‌లో పంపాం. ఏప్రిల్ అంటే పలాసలో పిక్కల సీజన్. 80 కేజీల బస్తాలు లారీలకు లారీలు దిగుతుంటాయి, వ్యాపారి దగ్గర ఉన్న ప్రతి రూపాయీ, బ్యాంకు ఇచ్చిన ప్రతి రూపాయీ పిక్కల్లో ఉంటుంది. ఏడాదికి సరిపడా ముడిసరుకు ఆ రెండు మూడు నెలల్లోనే కొనాలి. మా ఎల్‌పీల్లో నలుగురు జీడిపప్పు వాళ్లు. గడువుకు ముగ్గురు కట్టలేకపోయారు. ఒప్పందం ప్రకారం ఆలస్యానికి వడ్డీ వేయాలి, ఇంకా ఆలస్యమైతే వాటా కోయాలి. ఒక కంపెనీకి మేం మాటిచ్చిన డబ్బు పందొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ ఫౌండర్ తన దగ్గర పనిచేసే పిల్లలకు జీతాలు అప్పుచేసి ఇచ్చాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. ఎవరి డబ్బు ఏ నెలలో ఎక్కడ ఉంటుందో తెలిసిన మనిషిని నేను. లెక్కలు చూసింది నేనే. అయినా అడగలేదు.

మీరు మాత్రం ఒక పట్టిక రాసుకోండి: ప్రతి ఎల్‌పీ వ్యాపారం ఏమిటి, డబ్బు బిగుసుకునే నెలలేవి, చేతిలో ఆడే నెలలేవి. జీడిపప్పుకు వేసవి బిగువు. కాంట్రాక్టర్లకు బిల్లులు వచ్చే నెలలే ఊరట. డాక్టర్లకు దాదాపు ఎప్పుడూ ఒకటే.

ఇంకో సంగతి. ఒకే వ్యాపారం చేసే ఎల్‌పీల మీద ఫండ్ సగానికి మించి ఆధారపడకూడదు. పెద్ద సంస్థల డబ్బు కావాలంటే, 2016లో కేంద్రం 10 వేల కోట్లతో పెట్టిన స్టార్టప్ ఫండ్ ఆఫ్ ఫండ్స్ ఉంది, దాన్ని చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ నడుపుతుంది. అది కంపెనీల్లో నేరుగా వేయదు, ఫండ్లలో వేస్తుంది. తాను ఇచ్చిన దానికి కనీసం రెండు రెట్లు స్టార్టప్‌లలో వేయాలని షరతు పెడుతుంది. కొత్త బృందానికి అది అందడానికి సమయం పడుతుంది, ముందు ఊరి డబ్బుతో నిలబడాలి.

మెట్టు 4: కంపెనీలు మీ దగ్గరికి వచ్చేలా చేయండి

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆఫీసులో కూర్చుంటే డెక్‌లు, అంటే కంపెనీ గురించి చెప్పే స్లైడ్లు వస్తాయి, మంచి కంపెనీలు రావు. రాజాంలోని జీఎంఆర్ కాలేజీ, ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ, విజయనగరంలోని ఎంవీజీఆర్, జేఎన్‌టీయూ గురజాడ, వీటిలో నాలుగో ఏడాది ప్రాజెక్టుల ప్రదర్శనకు వెళ్లండి. హైదరాబాదులోని టీ-హబ్, వ్యవసాయ రంగానికి వ్యవసాయ పరిశోధన అకాడమీ నార్మ్ దగ్గరి ఏ-ఐడియా వంటి, కొత్త కంపెనీలను పెంచే ఇంక్యుబేటర్లతో మాట కలపండి. కేంద్రం 2021లో 945 కోట్లతో తెచ్చిన సీడ్ ఫండ్ పథకం ఇంక్యుబేటర్ల ద్వారానే వెళ్లింది. నమూనా నిరూపించడానికి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్లోకి రావడానికి 50 లక్షల దాకా ఇచ్చే పద్ధతి అది. ఆ దశ దాటిన కంపెనీలు మీ చెక్కుకు సిద్ధంగా ఉంటాయి.

వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు వారాల్లో జవాబివ్వండి. ‘కాదు’ అయినా సరే, కారణంతో. మా దగ్గర ‘కాదు’ విన్నవాళ్లే మాకు మంచి కంపెనీలను పరిచయం చేశారు.

మరో జాగ్రత్త: సొంత నేల మీద ప్రేమతో అన్ని గుడ్లూ ఇక్కడే పెట్టకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి తోటలనూ కొబ్బరి తోటలనూ ఒక్క రాత్రిలో నేలకూల్చింది. మీ ఇరవై కంపెనీల్లో పది ఆ పంట మీద ఆధారపడితే, ఒక్క తుపాను పదింటినీ కొడుతుంది. ఊళ్లో పుట్టిన కంపెనీలు తీసుకోండి, కానీ వాటి గిరాకీ వేర్వేరు చోట్ల ఉండాలి.

మెట్టు 5: చెక్కుకు ముందు వెళ్లి చూడండి

ఎచ్చెర్లలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు జీడిపప్పు గ్రేడింగ్ యంత్రం చేశారు. కెమెరా పప్పును చూసి గుండు, బద్ద, ముక్క వేరు చేస్తుంది. గుండులో మళ్లీ సైజును బట్టి డబ్ల్యూ 180, 240, 320. ఈ అంకె అర్థం సులభం: ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల్లో ఎన్ని గుళ్లు తూగుతాయో అది. డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240 లోపు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 లోపు. పప్పు పెద్దదైతే అంకె చిన్నది, ధర పెద్దది.

డెక్‌లో 98 శాతం ఖచ్చితత్వం అని రాశారు. నేను కాశీబుగ్గలో ఆ యంత్రం పెట్టిన షెడ్డులో రెండు రోజులు కూర్చున్నాను. పొద్దున డబ్ల్యూ 240 డబ్బాలోంచి ఒక పౌను తూచి చేత్తో లెక్కపెట్టాను: 231. బాగుంది. మధ్యాహ్నం మూడింటికి డబ్ల్యూ 320 డబ్బాలోంచి తూచాను: 284. అంటే పెద్ద పప్పు తక్కువ ధర డబ్బాలోకి జారుతోంది. యజమానికి ప్రతి కేజీ మీదా నష్టం. పక్కన చేత్తో ఏరుతున్న ఒకావిడ నవ్వి, “పొద్దుట బాగానే ఏరతాది బాబూ, మజ్జాన్నానికి దానికి కళ్లు మసకలేస్తాయి,” అంది. యంత్రం మూత తీస్తే కెమెరా అద్దం మీద పప్పు పొట్టు దుమ్ము పల్చగా పేరుకుని ఉంది.

ఆ సాయంత్రం ఫౌండర్లను అడిగాను. వాళ్లు వాదించలేదు. ఒక నోట్‌బుక్ తెచ్చారు. ఆరు వారాలుగా ప్రతి రెండు గంటలకూ ఎన్ని తప్పులు పడ్డాయో చేత్తో రాసి ఉంచారు. మధ్యాహ్నం తప్పులు పెరగడం వాళ్లకు ముందే తెలుసు. అద్దాన్ని గాలితో ఊదే గొట్టం బిగించే ప్రయత్నంలో ఉన్నారు. డెక్‌లో ఎందుకు రాయలేదంటే, “రాస్తే డబ్బు ఇవ్వరని భయపడ్డాం సార్,” అన్నారు. మేం డబ్బు ఇచ్చింది ఆ నోట్‌బుక్ చూసే. 98 శాతం చూసి కాదు.

అప్పటికీ అసలు ప్రశ్న మిగిలింది. పలాసలో ఉన్న ఫ్యాక్టరీలన్నీ కొన్నా ఆ కంపెనీ మొదటి మెట్టులో వేసిన లెక్కకు చేరదు. కొల్లం, మంగళూరు వెళ్లగలదా? ప్రపంచంలో ఎక్కువ పప్పు ఎగుమతి చేసే వియత్నాంలో నిలబడగలదా? జీడిపప్పు నుంచి బాదం, పిస్తాకు అదే కెమెరా పనికొస్తుందా? కొల్లంలో ఇద్దరు యజమానులతో ఫోనులో కాదు, వెళ్లి మాట్లాడాకే సంతకం చేశాం.

పరిశీలనలో మిగతావి చకచకా: కంపెనీ వాటాలు ఎవరి పేరున ఉన్నాయి, జీఎస్టీ రిటర్నులు బ్యాంకు స్టేట్‌మెంట్లతో కలుస్తున్నాయా, సాఫ్ట్‌వేరు హక్కులు కంపెనీవా లేక చదివిన కాలేజీవా, కొనుగోలుదారుల్లో కనీసం అయిదుగురితో మీరే మాట్లాడారా. వాటాల దగ్గర మాత్రం ఆగండి. విజయనగరం ఫౌండర్ ఒకరు మొదట్లో 6 లక్షలకు బంధువుకు 35 శాతం ఇచ్చేశాడు. బంధువు పని చేయడు, వాటా వదలడు. నాలుగు నెలలు బతిమాలినా కదల్లేదు. ఆ కంపెనీలో ఎవరూ వేయలేకపోయారు. మంచి యంత్రం, మంచి కుర్రాడు. ఫౌండర్లూ, మొదటి 5 లక్షలు ఎవరి దగ్గర ఎంత వాటాకు తీసుకుంటున్నారో పదిసార్లు ఆలోచించండి.

మెట్టు 6: టర్మ్ షీట్ రాయండి, నిజాయితీగా

టర్మ్ షీట్ అంటే పెట్టుబడి షరతులు రాసుకునే రెండు మూడు పేజీల కాగితం. అందులో ఫౌండర్లు ముందు చూసేది వాల్యుయేషన్, అంటే కంపెనీకి కట్టిన విలువ. నా అభిప్రాయంలో అంతకన్నా ముందు చూడాల్సింది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడైన రోజు ఎవరికి ముందు ఎంత అన్న షరతు.

మన 50 లక్షలకు 10 శాతం ఉదాహరణే తీసుకోండి. కంపెనీ పాపం 3 కోట్లకే అమ్ముడైంది. మామూలు ఒక రెట్టు షరతులో ఇన్వెస్టర్ తన 50 లక్షలైనా తీసుకుంటాడు, 10 శాతం వాటా ప్రకారం 30 లక్షలైనా తీసుకుంటాడు, ఏది ఎక్కువైతే అది. కాబట్టి 50 లక్షలు. మిగతా రెండున్నర కోట్లు మిగతావాళ్లవి. అదే పార్టిసిపేటింగ్ షరతైతే ముందు 50 లక్షలు తీసుకుని, మిగిలిన రెండున్నర కోట్లలో మళ్లీ 10 శాతం, అంటే 25 లక్షలు తీసుకుంటాడు. మొత్తం 75 లక్షలు. ఒక్క పదం తేడా. మేం మొదటి రకమే రాస్తాం. తొలిదశలో రెండోది అడిగే ఫండ్ దగ్గర ఫౌండర్లు గట్టిగా బేరమాడాలి.

ఫౌండర్ల వాటా నాలుగేళ్లలో విడతలుగా వాళ్లదయ్యేలా రాయాలి, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాకుండా. ఇది ఇన్వెస్టర్ కోసం మాత్రమే కాదు. ఇద్దరు స్నేహితుల్లో ఒకడు ఎనిమిదో నెలలో విదేశీ ఉద్యోగానికి వెళ్లిపోతే, మిగిలినవాడిని కాపాడేది ఈ వాక్యమే. ఉద్యోగులకు ఇవ్వడానికి పక్కన పెట్టే సుమారు 10 శాతం వాటాల పూల్, తర్వాతి రౌండ్లలో మా వాటా నిలుపుకునే హక్కు, నెలకోసారి లెక్కలు చూపించే మాట, ఇవి మామూలు. తొలిదశలో బోర్డు సీటు కోసం పట్టుబట్టడం నాకు నచ్చదు. పరిశీలకుడిగా కూర్చుంటే చాలు.

మెట్టు 7: డబ్బు వేసే రోజు

ఎక్కువగా సీసీపీఎస్ అనే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్ల రూపంలో వేస్తారు. గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే కన్వర్టిబుల్ నోట్ కూడా వేయొచ్చు, ఒక్కొక్కరు ఒకే విడతలో కనీసం 25 లక్షలు. షేర్ల విలువకు వాల్యుయర్ నివేదిక కావాలి. డబ్బు ప్రత్యేక బ్యాంకు ఖాతాలో పడాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో పీఏఎస్-3 అనే కేటాయింపు ఫారం దాఖలు చేయాలి. అది దాఖలు చేయకుండా ఆ డబ్బు ముట్టుకోకూడదు. చాలామంది ఇక్కడే జారతారు: డబ్బు పడిన మర్నాడే జీతాలిచ్చేస్తారు. కంపెనీ సెక్రటరీ ఫీజు దగ్గర పొదుపు చేయకండి. లెక్కగట్టిన విలువ కన్నా ఎక్కువకు షేర్లు ఇస్తే ఆ తేడా మీద పడే ఏంజెల్ పన్ను 2012లో వచ్చి ఎందరినో ఏడిపించింది, 2024 బడ్జెట్‌తో రద్దయింది. పాత భయంతో ఇప్పటికీ వాల్యుయేషన్ తగ్గించుకునేవాళ్లు కనిపిస్తారు, వాళ్లకు ఈ మాట చెప్పండి.

మెట్టు 8: వేశాక పని మొదలవుతుంది

కంపెనీకి ఫండ్ చేయగలిగిన అతి పెద్ద సాయం మొదటి పెద్ద కొనుగోలుదారును పరిచయం చేయడం. ఇక్కడ మా ఎల్‌పీలే మా బలం. గ్రేడింగ్ యంత్రానికి మూడో, నాలుగో, అయిదో ఆర్డర్లు మా జీడిపప్పు ఎల్‌పీల ఫ్యాక్టరీల నుంచే వచ్చాయి. పూర్తి ధరకు, బిల్లుతో. బంధుత్వం మీద ఉచితంగా పెట్టించిన యంత్రం దేనికీ సాక్ష్యం కాదు.

దాచిన పన్నెండున్నర కోట్లు ఎవరికి వేయాలన్నదే ఫండ్ తలరాతను తేలుస్తుంది. మునిగే కంపెనీ ఫౌండర్ మన మనిషే, రోజూ ఫోను చేస్తాడు, గొంతు విరుగుతుంది. చేయి అటే పోతుంది. ఆగండి. ఆ కంపెనీని ఈ రోజు కొత్తగా చూస్తే ఈ ధరకు కొంటామా అని అడగండి. కాదంటే వేయకండి, కానీ ఆ మనిషిని వదలకండి. ఉద్యోగులకు బాకీ లేకుండా, జీఎస్టీ బకాయిలు లేకుండా గౌరవంగా మూసేయడానికి దగ్గరుండి సాయపడండి. మేం అలా మూసిన కంపెనీలో పనిచేసిన ఒకమ్మాయి ఇప్పుడు మరో కంపెనీ పెట్టింది, మొదటి ఫోను మాకే చేసింది.

ఫండ్ మొదటి మూడు నాలుగేళ్లు కాగితం మీద నష్టంలోనే కనిపిస్తుంది. ఫీజులు ఇప్పుడే పోతాయి, మూతపడేవి ముందే మూతపడతాయి, ఎదిగేవి ఆలస్యంగా ఎదుగుతాయి. ఎల్‌పీలకు ఈ సంగతి ముందే చెప్పి, ప్రతి మూడు నెలలకూ చెడ్డ కబురుతో మొదలుపెట్టి ఉత్తరం రాయండి. తెలుగులో రాయండి. మా పలాస బాబాయ్ వాటిని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుతాడు.

మెట్టు 9: బయటికి రావడం (ఎగ్జిట్)

డబ్బు వెనక్కి వచ్చే దారులు నాలుగు: పెద్ద కంపెనీ కొనేయడం, తర్వాతి రౌండ్‌లో వచ్చే పెద్ద ఫండ్‌కు మన వాటా అమ్మడం, ఐపీఓ, ఫౌండర్లే తిరిగి కొనడం. మన స్థాయి ఫండ్‌కు మొదటి రెండే నిజమైన దారులు.

2007లో మొదలైన ఫ్లిప్‌కార్ట్‌లో యాక్సెల్ అనే వెంచర్ ఫండ్ తొలినాళ్లలోనే డబ్బు వేసింది. వాల్‌మార్ట్ 16 బిలియన్ డాలర్లకు సుమారు 77 శాతం కొన్నది 2018లో. దాదాపు పదేళ్లు. నౌక్రీ వెబ్‌సైటు నడిపే ఇన్ఫో ఎడ్జ్ జొమాటోలో మొదట 4.7 కోట్లు వేసింది 2010లో, ఐపీఓ వచ్చింది 2021లో. పదకొండేళ్లు. ఇన్ఫో ఎడ్జ్ తన సొంత డబ్బు వేసింది కాబట్టి ఆగగలిగింది. పదేళ్ల గడువున్న ఫండ్‌కు ఆ వెసులుబాటు లేదు. విలువ ప్రకారం మూడింట రెండొంతుల ఎల్‌పీలు ఒప్పుకుంటే గడువు రెండేళ్ల దాకా పొడిగించవచ్చు, అంతే. అందుకే ఏడో ఏడాది నుంచి, బాగా నడిచే కంపెనీలో కూడా వాటాలో కొంత అమ్మి ఎల్‌పీల చేతిలో పెట్టడం మంచిదని నా నమ్మకం. మిగతాది ఎదగనివ్వండి.

మెట్టు 10: రెండో ఫండ్

మొదటి ఫండ్ ఫీజు ఏడాదికి 60 లక్షలు. ముగ్గురు మనుషులు, ఒక ఆఫీసు, ప్రయాణాలు, అంతే. ఫండ్ సంస్థగా ఎదగడం అంటే మూడు నాలుగేళ్లకు మొదటి ఫండ్ కొత్త చెక్కులు అయిపోయే సమయానికి రెండోది మొదలుపెట్టడం. అప్పటికి ఇంకా ఎగ్జిట్లు ఉండవు. ఎల్‌పీలు చూసేది రెండు అంకెలు: కాగితం మీది విలువతో కలిపి రూపాయికి ఎంత అయింది, నిజంగా చేతికి ఎంత వచ్చింది. రెండోదాన్ని డీపీఐ అంటారు. చేతికి పదిపైసలైనా వచ్చి ఉంటే మాట వేరుగా ఉంటుంది.

సైజు పెంచేటప్పుడు మొదటి మెట్టు లెక్క మళ్లీ వేయండి. 30 కోట్ల ఫండ్ 150 కోట్లు అయితే చెక్కు పెద్దదవుతుంది, అవసరమైన ఎగ్జిట్ అయిదు రెట్లు పెద్దదవుతుంది. అంత పెద్ద కంపెనీలు మన చుట్టూ పుట్టేదాకా ఫండ్ చిన్నదిగా ఉంచడమే మేలని మా బృందం తేల్చుకుంది. రెండోది 45 కోట్లు. ఒక కొత్త భాగస్వామి, ఇద్దరు కుర్రాళ్లు, విజయనగరంలో ఒక గది.

మొదటి ఫండ్ ఎల్‌పీల్లో ఎక్కువమంది మళ్లీ వచ్చారు. పలాస బాబాయ్ సంతకం పెట్టే ముందు ఒప్పందం పేజీలు తిప్పి, డ్రాడౌన్ గురించి ఉన్న చోట వేలు పెట్టి ఆగాడు. అక్కడ కొత్తగా ఒక వాక్యం ఉంది: మార్చి నుంచి జూన్ వరకు డబ్బు పిలవరాదు, మొదటి డ్రాడౌన్ ఆగస్టులో. చదివి, జేబులోంచి పెన్ను తీశాడు.